ప్రొపెల్లర్ మార్చేస్తే సరిపోదు: నీళ్ల కింద దేనికో తగిలిన అవుట్‌బోర్డ్‌ను బాగుచేసుకోవడం

ఠంగుమని ఒక్క చప్పుడు. పడవ వెనకాల తగిలించిన అవుట్‌బోర్డ్ మోటార్ పైకి ఎగిరి మళ్లీ దిగుతుంది, పడవలో ఉన్నవాళ్లంతా ముందుకు తూలతారు, ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు. బండో, మునిగిన దుంగో, ఇసుక మేటో, ఎప్పుడో విరిగిన గుంజ మొదలో, ఏదైతేనేం, తగిలింది. ఇక్కడి నుంచి మీరు చేసేదాన్ని బట్టే ఖర్చు ఒక ప్రొపెల్లర్‌తో పోతుందా, గేర్‌కేస్ (మోటార్ కింద గేర్లు ఉండే పెట్టె) మొత్తం దాకా పాకుతుందా అనేది తేలుతుంది.

నా సంగతి ముందే చెప్పేస్తా. మొదటిసారి నాకిలా జరిగినప్పుడు రెక్క ఒకటి వంగింది. కొత్త ప్రొపెల్లర్ తెచ్చి బిగించాను, మోటార్ బాగానే నడిచింది, పోన్లే అనుకున్నాను. గేర్ ఆయిల్ చూడలేదు, చూడాలని కూడా తెలీదు. రెండు నెలలు తిరిగాక ఒకరోజు గేర్ వేస్తే గరగరమని చప్పుడు. కింది ప్లగ్ విప్పితే పాలు పోసిన కాఫీలాంటిది కారింది, అందులో తళతళలాడుతూ లోహపు రజను. జరిగిందేమిటంటే ఆ దెబ్బకు ప్రాప్ షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) వెంట్రుకవాసి వంగింది. అది తిరిగిన ప్రతిసారీ సీల్‌ను (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు చుట్టను) ఒక పక్కకు నొక్కుతూ అరగదీసింది, ఆ సందులోంచి నీళ్లు లోపలికి చేరాయి, బేరింగులు తుప్పు పట్టాయి, మిగిలింది మీరే ఊహించుకోండి. తగిలిన రోజునే ఒక అరగంట పెట్టి చూసుంటే షాఫ్టు, రెండు సీళ్లతో పోయేది. అందుకే ఇక్కడ ప్రొపెల్లర్ గురించి తక్కువ, కంటికి కనబడని వాటి గురించి ఎక్కువ చెబుతాను.

ఇంకా నీళ్ల మీదే ఉన్నప్పుడు

ముందు థ్రాటిల్ తగ్గించి న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజిన్ ఆపండి. 'నడుస్తుందో లేదో ఒకసారి చూద్దాం' అని వెంటనే రేజ్ చేయడమే అందరూ చేసే తప్పు. ఒక రెక్క విరిగిపోయి ఉంటే ఆ కాసేపటి అదురుకే బేరింగులు దెబ్బతినొచ్చు. ఎవరికైనా దెబ్బ తగిలిందేమో చూశాక పడవ అడుగున నీళ్లు చేరుతున్నాయా అని చూడండి, మోటార్‌ను తర్వాత చూడొచ్చు. మోటార్‌కు తగిలింది కదా అనుకుంటాం కానీ అదే బండ అంతకుముందు పడవ అడుగును కూడా గీరి ఉండొచ్చు, పైగా మోటార్ తగిలించిన వెనక పలక, అదే ట్రాన్సమ్, ఆ దెబ్బంతా తన మీద వేసుకుంటుంది. అక్కడ పగులు కనిపించినా, బోల్టుల చుట్టూ నీరు ఊరుతున్నా ఇక మోటార్‌తో వెళ్లే ఆలోచన మానుకోండి.

అదంతా సరిగా ఉంటే కిల్ స్విచ్ (ఇంజిన్‌ను వెంటనే ఆపే స్విచ్) తాడు లాగేసి, మోటార్ పైకి లేపి చూడండి. రెక్కలు మూడూ ఉన్నాయా, స్కెగ్ (కింద చేపరెక్కలా ఉండే భాగం) విరిగిందా, ప్రొపెల్లర్ చుట్టూ తాడో వలో చుట్టుకుందా. నీటి మీద రంగురంగుల నూనె పొర తేలుతోందేమో కూడా గమనించండి. ఆ పొర మోటార్ కింద నుంచి వస్తోందంటే సీల్ పోయిందనో, కేస్ పగిలిందనో అర్థం, అలాంటప్పుడు ఇంజిన్ వేయకండి. తెడ్డు వేస్తారో, ఇంకో పడవ లాక్కెళ్తుందో మీ ఇష్టం.

నూనె లేదు, పగులు లేదు అనుకుంటే మోటార్ దించి న్యూట్రల్‌లోనే స్టార్ట్ చేసి, వెనకాల సన్నగా నీటిధార (ఇంజిన్‌ను చల్లబరిచి బయటికొచ్చే నీళ్లు) వస్తోందా చూడండి. ఇసుకలో దిగబడిన మోటార్‌కు నీళ్లు పీల్చుకునే కన్నాలు బురదతో పూడుకుపోతాయి, ధార రాకపోతే కొద్దిసేపట్లోనే ఇంజిన్ కాలిపోయే ప్రమాదం ఉంది. ధార వస్తుంటే గేర్ వేసి అతి తక్కువ వేగంతో కదిలించండి. అదురు తక్కువగా, గేర్ మెత్తగా పడుతుంటే అదే నెమ్మదితో ఒడ్డుకు వెళ్లండి. వేగం పెంచితే ఎలా ఉంటుందో చూడాలన్న ఉబలాటం వద్దు.

ఇంజిన్ గొంతు పెరుగుతోంది కానీ పడవ ముందుకు పోవట్లేదా? చిన్న మోటార్లయితే షియర్ పిన్ తెగి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు గేర్లను కాపాడడానికి తాను తెగిపోవాలనే ఆ పిన్ను పెట్టారు, కాబట్టి దాని పని అది చేసినట్టే. విడి పిన్ను పడవలో ఉంటే ప్రొపెల్లర్ విప్పి మార్చడం పది నిమిషాల పని. దాని బదులు మేకో, గట్టి స్టీలు బోల్టు ముక్కో దూర్చి నడిపేవాళ్లను చూశాను. ఈసారి తగిలితే పిన్ను తెగదు, గేర్ పన్ను తెగుతుంది. పెద్ద మోటార్లకు పిన్ను ఉండదు, ప్రొపెల్లర్ లోపల, రెక్కలకూ షాఫ్ట్‌కూ మధ్య, రబ్బరు హబ్ ఉంటుంది, దెబ్బకు ఆ రబ్బరు పట్టు వదిలేస్తుంది. విచిత్రం ఏమిటంటే మెల్లగా వెళ్తే అది పట్టుకునే ఉంటుంది, థ్రాటిల్ ఇస్తేనే జారుతుంది. అందుకని మెల్లగా ఇల్లు చేరడానికి చాలాసార్లు పనికొస్తుంది.

ఒడ్డుకు చేరాక మొదట చూడాల్సింది ఆయిల్

ఏ పని మొదలుపెట్టే ముందైనా స్పార్క్ ప్లగ్ వైర్లు పీకేయండి, బ్యాటరీ ఉంటే దాని తీగ కూడా. ప్రొపెల్లర్ దగ్గర చేతులు పెట్టి తిప్పబోతున్నాం, గేర్‌లో ఉన్న ఇంజిన్ పొరపాటున అంటుకుంటే వేళ్లు ఉండవు. బీమా ఉంటే కడగకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.

మోటార్‌ను నిటారుగా నిలబెట్టి ఆ రాత్రికి వదిలేయండి. ఇదెందుకంటే నీరు నూనె కంటే బరువు, లోపలికి చేరినదంతా అడుక్కి దిగుతుంది. పొద్దున్నే వెళ్లి గేర్‌కేస్ కింది ప్లగ్‌ను పూర్తిగా విప్పకుండా కొద్దిగా, ఒక చుక్క జారేంత మాత్రమే వదులు చేసి, ఆ మొదటి చుక్కలను తెల్లటి గిన్నెలో పట్టండి. ముందు నీళ్లొచ్చి తర్వాత నూనె వస్తే సీల్ దాటి నీరు వెళ్లిందని ఖాయం. నీరే రాకుండా నూనె తెల్లగా, చిక్కగా వస్తే నీరూ నూనె కలిసిపోయాయని, అంటే ఆ నీటితోనే మోటార్ నడిచిందని. ఇక్కడ ఒక మెలిక ఉంది. మోటార్ ఆపిన వెంటనే ఆయిల్ తీస్తే గాలి బుడగల వల్ల కూడా మసకగా కనిపిస్తుంది, చాలామంది అది చూసి బెంబేలెత్తిపోతారు. గాజు సీసాలో పోసి కొన్ని గంటలు ఉంచండి, బుడగలైతే పోయి నూనె తేటపడుతుంది, నీళ్లయితే అంత త్వరగా తేటపడదు.

తర్వాత ఆ నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. చాలా మోటార్లకు కింది ప్లగ్ చివర అయస్కాంతం ఉంటుంది, దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు కాస్త అంటుకుని ఉండడం మామూలే, గేర్లు తిరుగుతూ అంతమాత్రం అరుగుతాయి. వేళ్లకు గుచ్చుకునే తునకలు, పొలుసులు, గోరులాంటి ముక్కలు ఉంటే మాత్రం గేర్ పన్నో బేరింగో విరిగిందని. అలాంటప్పుడు మళ్లీ నూనె పోసి నడిపి చూద్దాం అనుకోవద్దు, లోపల విరిగిన ముక్క రెండు గేర్ల మధ్య పడితే బాగున్నవి కూడా పోతాయి.

పాత నూనెను డబ్బాలోకి పట్టి పక్కన పెట్టండి, నీళ్లలోకి పోయకండి.

ప్రొపెల్లర్ విప్పడం, షాఫ్ట్ చూడడం

ప్రొపెల్లర్ నట్టు విప్పేటప్పుడు రెక్కకూ, పైనున్న అడ్డపలకకూ మధ్య ఒక చెక్కముక్క ఇరికిస్తే ప్రొపెల్లర్ తిరగదు. కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా దూర్చే పిన్ను) నిటారుగా చేసి లాగేయండి, దాన్ని మళ్లీ వాడకండి. నట్టు, వాషర్లు, వెనకుండే మందపాటి థ్రస్ట్ వాషర్ ఏ వరుసలో, ఏ ముఖం ఎటు పెట్టి వచ్చాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. నాకు గుర్తుంటుందిలే అనుకున్న ప్రతిసారీ నేను ఒక వాషర్ చేతిలో పట్టుకుని బుర్ర గోక్కున్నాను. ప్రొపెల్లర్ రాకపోతే సుత్తితో బాదకండి, వెనక నుంచి చెక్కతో కొద్దిగా అటూ ఇటూ తట్టండి.

షాఫ్ట్ బయటికి కనిపించగానే సీల్ దగ్గర చేప గాలం దారం చుట్టుకుని ఉందేమో చూడండి. అది దెబ్బతో సంబంధం లేని సంగతే, కానీ సీల్ పోవడానికి అది కూడా పేరుమోసిన కారణం, ఎలాగూ విప్పారు కదా.

ఇప్పుడు అసలు పరీక్ష. మోటార్ న్యూట్రల్‌లో పెట్టండి. ఒక గట్టి తీగ ముక్కను క్లాంపుతో గేర్‌కేస్ పైనున్న పలకకే బిగించండి, బల్లకో నేలకో కాదు, ఎందుకంటే మోటార్ కొద్దిగా కదిలినా కొలత అబద్ధం చెబుతుంది. తీగ కొన షాఫ్ట్ చివరి నున్నటి భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. ఇప్పుడు షాఫ్ట్‌ను చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. సందు చుట్టూ ఒకేలా ఉంటే మంచిదే. ఒకచోట తాకి ఇంకోచోట వెలుతురు కనిపిస్తే షాఫ్ట్ వంగింది. ఇంకో పద్ధతి కూడా ఉంది. షాఫ్ట్ చివర మధ్యలో సాధారణంగా ఒక చిన్న గుంట ఉంటుంది, లేత్ మీద పట్టిన గుర్తు, తిప్పుతుంటే ఆ గుంట కదలకుండా ఒకేచోట తిరగాలి, చిన్న సున్నా చుడుతూ కనిపిస్తే వంకర ఉన్నట్టే. డయల్ ఇండికేటర్ (సన్నటి తేడాలు కొలిచే ముల్లున్న పనిముట్టు) ఉంటే మీ మోటార్ మాన్యువల్‌లో ఎంత దాకా ఒప్పుకుంటారో దాంతో పోల్చండి. ఆ పరిమితులు చాలా చిన్నవి, మిల్లీమీటరులో ఏదో చిన్న భాగం. కంటికే వంకర కనిపించిందంటే పరిమితి ఎప్పుడో దాటిపోయింది.

వంగిన షాఫ్ట్‌ను సరిచేసి ఇస్తామనేవాళ్లు ఉంటారు. నేనైతే ఒప్పుకోను. సీల్ కూర్చునే చోట రవ్వంత తేడా మిగిలినా మళ్లీ నీళ్లే, మళ్లీ అదే కథ. కొత్తది వేయించండి.

తిప్పుతున్నప్పుడే చెవి కూడా పెట్టండి. షాఫ్ట్ మెత్తగా తిరగాలి. గరుకుగా, గింజలు నలుగుతున్నట్టు ఉంటే బేరింగ్. పైకీ కిందికీ కదిపితే ఆడుతుంటే కూడా బేరింగే. తర్వాత ఫార్వర్డ్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి వేసి చూడండి, గేర్ టక్కున పడి షాఫ్ట్ పట్టుకోవాలి. లివర్ బిగుసుకుపోయినా, సగంలో ఆగినా షిఫ్ట్ రాడ్ (గేర్ మార్చే కడ్డీ) వంగి ఉండొచ్చు. నీటిలో నడిపేటప్పుడు గేర్ తనంతట తాను జారిపోతుంటే లోపల క్లచ్ డాగ్ (గేర్‌ను షాఫ్ట్‌కు పట్టించే పళ్ల ముక్క) అంచులు గుండ్రబడ్డాయని అర్థం.

ప్రొపెల్లర్‌ను ఎంతవరకు బాగుచేయొచ్చు

అల్యూమినియం రెక్కల అంచు మీద చిన్న చిన్న గంట్లు పడితే ఆకురాయితో నున్నగా రుద్దుకోవచ్చు. అంచు గరుకు పోయేంత వరకే, రెక్కను పలచన చేసేంత కాదు. మూడు రెక్కలకూ ఒకే ఆకారం ఉండాలి, ఒకదాన్ని ఎక్కువ రుద్దితే బరువు తేడా వచ్చి అదురు మొదలవుతుంది. సరిచూడ్డానికి ప్రొపెల్లర్ రంధ్రంలో సరిగ్గా పట్టే నున్నటి కడ్డీ దూర్చి రెండు సమమైన అంచుల మీద పెట్టి వదలండి, ఎప్పుడూ ఒకే రెక్క కిందికి వస్తుంటే అదే బరువైనది. వేలి గోరంత కంటే పెద్ద ముక్క పోయినా, రెక్క మెలితిరిగినా ఇంట్లో చేసే పని కాదు, రిపేరు చేసేవాళ్లకివ్వండి లేదా మార్చేయండి. రెక్క మొదట్లో, హబ్ దగ్గర, సన్నటి పగులు కనిపిస్తే ఆ ప్రొపెల్లర్‌ను ఇక వాడకండి.

స్టీలు ప్రొపెల్లర్ ఉన్నవాళ్లు రెక్కకేం కాలేదని మురిసిపోతుంటారు. రెక్క వంగకపోతే ఆ దెబ్బ ఎక్కడికి పోయినట్టు? హబ్, షాఫ్ట్, గేర్లు వరసగా పంచుకుని ఉంటాయి. అల్యూమినియం విరిగిపోయి లోపలివాటిని కొంతైనా కాపాడుతుంది. కాబట్టి స్టీలు రెక్క గీత కూడా పడకుండా వచ్చిందంటే లోపల ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

హబ్ జారుతోందన్న అనుమానం ఉంటే లోపలి గొట్టం మీదుగా బయటి హబ్ దాకా పెయింటుతో ఒక గీత గీసి, నీళ్లలో ఒకసారి లోడ్ ఇచ్చి నడిపి వచ్చి చూడండి. గీత తెగి పక్కకు జరిగి ఉంటే జారినట్టే, హబ్ మార్చాలి. కొన్ని ప్రొపెల్లర్లకు హబ్ విడిగా దొరుకుతుంది, నొక్కి ఎక్కించేవాటికి ప్రెస్ కావాలి.

స్కెగ్

స్కెగ్ కొన కొద్దిగా చిట్లితే ఆకురాయితో గుండ్రం చేసి, ప్రైమర్, పెయింటు వేస్తే చాలు, ఊరికే వదిలేస్తే ముఖ్యంగా ఉప్పునీటిలో అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. సగం దాకా పోతే పడవ తిప్పడంలో తేడా తెలుస్తుంది, ప్రొపెల్లర్‌కు ఉన్న చివరి కాపలా కూడా పోయినట్టే. అప్పుడు బోల్టులతో బిగించే స్కెగ్ గార్డ్ పెట్టొచ్చు, లేదా వెల్డింగ్ చేయించొచ్చు.

వంగిన స్కెగ్‌ను సుత్తితో కొట్టి నిటారు చేద్దామనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. పోత అల్యూమినియం అలా వంగదు, పగులుతుంది. ఆ పగులు స్కెగ్ దగ్గర ఆగకుండా గేర్‌కేస్‌లోకి పాకిందంటే పెయింటుతో పోయేది కాదు, కేస్ మార్చేదే. వెల్డింగ్ విషయంలో కూడా ఒక మాట, స్కెగ్‌కు కాస్త పైనే గేర్లు, సీళ్లు ఉంటాయి, ఆ వేడికి రబ్బరు సీళ్లు కాలిపోతాయి. కాబట్టి లోపలివి విప్పి, నూనె లేకుండా శుభ్రం చేశాకే వెల్డింగ్‌కు ఇవ్వాలి. 'ఏం కాదు, అలాగే చేసేస్తాం' అనేవాళ్ల దగ్గర చేయించకండి.

గేర్‌కేస్ మీదే సన్నటి పగులు ఉంటే ఎపాక్సీ పూసి ఆ రోజు గట్టెక్కొచ్చేమో గానీ దాన్ని రిపేరు అనుకోకండి. పగులు ఉందో లేదో తేలకపోతే కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరబెట్టి, పైన సుద్దపొడి రుద్ది కాసేపు ఆగండి, పగుల్లోకి ఇంకిన కిరోసిన్ సుద్ద మీద గీతలా పైకి వస్తుంది. పాత మెకానిక్కుల పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో నిప్పు లేనిచోట చేయండి.

పైభాగం మర్చిపోవద్దు

అందరి చూపూ కిందే ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు మోటార్ ఎగిరింది కదా, అది ఏ భాగాల మీద ఎగిరింది? ట్రాన్సమ్‌కు పట్టే బ్రాకెట్లు, మధ్యలో తిరిగే స్వివెల్ బ్రాకెట్, టిల్ట్ పిన్ను, రబ్బరు మౌంట్లు. టార్చిలైటుతో బ్రాకెట్ మూలలు చూడండి, పెయింటు వెంట్రుకలా చీలి ఉందంటే కింద లోహం కూడా చీలిందేమో అనుమానించాలి. మోటార్‌ను కింద పట్టుకుని పక్కలకు ఊపండి, స్టీరింగ్ కదలకుండానే లెగ్గు మాత్రం లొడలొడలాడుతుంటే రబ్బరు మౌంట్ తెగింది. హైడ్రాలిక్ టిల్ట్ ఉంటే రామ్ (మోటార్‌ను పైకి నెట్టే కడ్డీ) చుట్టూ నూనె ఊరుతోందా, మోటార్ పైన పెట్టి వదిలేస్తే మెల్లగా దిగిపోతోందా చూడండి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా పట్టకుండా తిరగాలి.

మోటార్ పైకి ఎగరకుండా లాక్ వేసి ఉన్నప్పుడో, రివర్స్‌లో వెనక్కి వస్తున్నప్పుడో తగిలితే ఈ భాగాన్ని రెండింతలు జాగ్రత్తగా చూడండి. ఎగరడానికి వీల్లేనప్పుడు ఆ బలమంతా నేరుగా బ్రాకెట్‌కూ ట్రాన్సమ్‌కూ వెళ్తుంది. లోపలి వైపు ట్రాన్సమ్ బోల్టుల వాషర్లు చెక్కలోకి దిగబడి ఉన్నాయేమో కూడా చూడండి.

ఇంకొకటి, అరుదైనదే. దెబ్బకు ఇంజిన్ ఠక్కున ఆగిపోయి ఆ తర్వాత స్టార్ట్ కావడానికి మొండికేస్తున్నా, వెనక్కి తంతున్నా, ఫ్లైవీల్ కింద ఉండే చిన్న కీ తెగి టైమింగ్ జరిగి ఉండొచ్చు. స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, అయినా నడవదు, జనం కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చుంటారు. ముందు ఆ కీ చూడండి.

ప్రెజర్ టెస్ట్, లోయర్ యూనిట్ దించడం

షాఫ్ట్ నిటారుగానే ఉంది, ఆయిల్ బాగానే ఉంది, అయినా నమ్మకం కుదరట్లేదు అంటే ప్రెజర్ టెస్ట్ చేయండి. నూనె అంతా తీసేసి, ఒక ప్లగ్ బిగించి, ఇంకో రంధ్రానికి సరిపోయే అడాప్టర్‌తో గేజ్ ఉన్న చేతిపంపు తగిలించండి. 10 పీఎస్‌ఐ దాకా మెల్లగా ఎక్కించి 5 నిమిషాలు వదిలేయండి. కంప్రెసర్ పెట్టకండి, ఎక్కువ ఒత్తిడికి బాగున్న సీల్ కూడా బయటికొస్తుంది, మీ మాన్యువల్‌లో అంతకంటే తక్కువ అంకె ఉంటే దాన్నే పాటించండి. ముల్లు కదలకుండా నిలబడితే షాఫ్ట్‌ను తిప్పుతూ, కొద్దిగా లాగుతూ నెడుతూ, షిఫ్ట్ రాడ్ కదుపుతూ మళ్లీ చూడండి, కొన్ని సీళ్లు ఊరికే ఉంటే పట్టుకుంటాయి, కదిలిస్తేనే వదిలేస్తాయి. ముల్లు దిగుతుంటే సబ్బునీళ్లు పూయండి. బుడగలు ఎక్కడొస్తే రోగం అక్కడ.

ప్రాప్ షాఫ్ట్ సీళ్లు మార్చాలంటే బేరింగ్ క్యారియర్ (బేరింగును, సీళ్లను పట్టి ఉంచే గూడు) లాగాలి, దానికి పుల్లర్ కావాలి, తుప్పు పట్టి ఉంటే కాస్త వేడి కూడా. సాధారణంగా రెండు సీళ్లు వీపూ వీపూ ఆనించి ఉంటాయి, ఒకటి నూనెను ఆపేది, ఇంకోటి నీటిని ఆపేది. పాతవి తీసేముందు పెదవి ఎటు తిరిగి ఉందో చూసుకోండి, ఒకటి తిరగేసి కొడితే చేసిన పనంతా వృథా. ఇంతవరకు ఓపికున్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. గేర్లు మార్చడం మాత్రం వేరే పని, కొత్త గేర్లకు షిమ్ములు (పలచటి రేకు వాషర్లు) పెట్టి పళ్ల మధ్య సందును కొలవాలి, కొలిచే పనిముట్లు లేకుండా చేస్తే కొత్త గేర్లు కూడా త్వరలోనే అరుస్తాయి. అది మెకానిక్‌కు వదిలేయండి.

లోయర్ యూనిట్ (గేర్‌కేస్‌తో సహా మోటార్ కింది భాగం) దించాల్సి వస్తే, బోల్టులన్నీ తీసినా అది రావట్లేదని గడ్డపారతో పెకిలించేముందు, ట్రిమ్ ట్యాబ్ అనే ఆ చిన్న రెక్క కింద చూడండి. చాలా మోటార్లలో ఒక బోల్టు అక్కడే దాక్కుంటుంది. ట్యాబ్ విప్పేముందు దాని స్థానం ఒక గీతతో గుర్తుపెట్టుకోండి, లేదంటే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. షిఫ్ట్ రాడ్‌ను ఏ గేర్‌లో ఉంచి విడదీయాలో మోటార్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి.

దించాక ఎలాగూ వాటర్ పంప్ చేతిలోనే ఉంటుంది. ఇసుకలో కూరుకుపోయిన మోటార్ అయితే ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రబ్బరు చక్రం) మార్చేయండి, ఇసుక రేణువులు దాని రబ్బరు రెక్కలనూ, అది తిరిగే గిన్నెనూ గీరేసి ఉంటాయి. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌ను అది మామూలుగా తిరిగే దిక్కుకే తిప్పుతూ పైమూత నొక్కండి, రెక్కలు సరైన వైపు ముడుచుకుంటాయి.

మళ్లీ ఎక్కించేటప్పుడు డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ నుంచి కిందికి దిగే ఇరుసు) పళ్ల పక్కలకు గ్రీజు పూయండి, షాఫ్ట్ తల మీద మాత్రం ముద్ద పెట్టకండి. ఆ గ్రీజు పైన గుంటలో ఇరుక్కుని షాఫ్ట్ పూర్తిగా కూర్చోనివ్వదు, మీరు బోల్టులు బిగించి లాగితే ఆ ఒత్తిడి పైన క్రాంక్ మీద పడుతుంది. నీటి గొట్టం దాని రబ్బరులో దిగిందా, పళ్లు కలిశాయా చూసుకుంటూ చేత్తోనే పైకి నెట్టండి. కలవకపోతే ఫ్లైవీల్‌ను కాస్త తిప్పండి, టక్కున కూర్చుంటుంది. చేత్తో మూసుకోని సందును బోల్టులతో మూయకండి.

ఆయిల్ నింపడం

కింది రంధ్రం నుంచి నింపాలి, పైనుంచి కాదు. పై ప్లగ్ విప్పి ఉంచి కింది నుంచి పంపుతో ఎక్కిస్తే గాలి పైనుంచి పోతుంది. పైన బుడగలు లేకుండా నూనె పొంగాక, పంపు తీయకుండానే ముందు పై ప్లగ్ బిగించండి, ఆ తర్వాత పంపు తీసి కింది ప్లగ్ గబుక్కున పెట్టేయండి. పైన మూసి ఉంటే కింద నుంచి పెద్దగా కారదు. ప్లగ్ వాషర్లు కొత్తవి వేయండి, రెండు చిన్న వాషర్ల దగ్గర పొదుపు చేసి నీళ్లు లోపలికి రానిచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రాప్ షాఫ్ట్ పళ్లకు నీటికి కరగని గ్రీజు పూసి, థ్రస్ట్ వాషర్ ముందు, తర్వాత ప్రొపెల్లర్, వాషర్, నట్టు, కొత్త కాటర్ పిన్ను. ఫొటో తీసుకున్నారు కదా. జింకు ఆనోడ్ (మోటార్‌కు బదులు తాను తుప్పు పట్టే లోహపు ముక్క) మీద పెయింటు పడితే తుడిచేయండి, పెయింటు పూసిన ఆనోడ్ పనిచేయదు.

నీళ్లలో పరీక్ష

మోటార్‌ను నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయకండి, ఇప్పుడే వేసిన ఇంపెల్లర్ ఎండిపోయి కాలిపోతుంది. నీళ్లలో దించి ముందు ధార, తర్వాత న్యూట్రల్‌లో చప్పుడు, తర్వాత రెండు గేర్లు మెల్లగా. పదిహేను ఇరవై నిమిషాలు సగం వేగంతో తిరిగాక ఒకసారి పూర్తి థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం చూడండి. తయారీదారు చెప్పిన హద్దుల కంటే బాగా ఎక్కువ పోయి పడవ మాత్రం ఈడ్చుకుంటోందంటే హబ్ జారుతోంది లేదా ప్రొపెల్లర్ సైజు తప్పు. అదురు వస్తుంటే రెక్కల బరువు తేడా ఉందేమో చూడండి, అది సరిగానే ఉంటే మళ్లీ షాఫ్ట్ దగ్గరికి రండి.

ఒడ్డుకు వచ్చి మోటార్ లేపగానే ప్రొపెల్లర్ వెనక వేలు పెట్టి తుడవండి, నూనె అంటుతోందా అని. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే తెల్ల గిన్నె, అదే కింది ప్లగ్, అవే మొదటి చుక్కలు. తేటగా ఉంటే 10 గంటలు నడిచాక ఇంకోసారి చూడండి. అప్పుడు కూడా తేటగా ఉంటే ఇక మామూలు సర్వీసు లెక్క ప్రకారం మార్చుకుంటే చాలు. పడవలో మాత్రం ఒక విడి ప్రొపెల్లర్, నట్టు, రెండు కాటర్ పిన్నులు, మీ మోటార్‌కు షియర్ పిన్ ఉంటే అవి నాలుగు, సరిపోయే స్పానర్, ఆ చెక్కముక్క ఒక డబ్బాలో పెట్టి ఉంచండి. డబ్బాకు ఒక తాడు కూడా కట్టండి, నాది ఒకటి నీళ్లలో పడింది.